బండిలో వేడినీళ్లు: ట్యాంకు గీజరా, ఇన్‌స్టంట్ గీజరా?

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం నుంచి ఈ మధ్యనే పదవీ విరమణ చేశాను. పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొని, పడకలు, చిన్న వంటగట్టు, స్నానాల గది పెట్టించి మోటారు హోమ్‌గా మార్పించుకుంటున్నాను. నేను, నా భార్య, డెబ్బై ఆరేళ్ల మా అత్తగారు కలిసి ముందు రామేశ్వరం, తరువాత కాశీ, ఆరోగ్యం సహకరిస్తే హిమాలయాల వైపు వెళ్లాలని కోరిక. బండిలో 100 లీటర్ల నీళ్ల ట్యాంకు, 12 వోల్టుల 200 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ, పైకప్పు మీద సోలార్ పలకలు ఉంటాయి. బాడీ కట్టే మేస్త్రీ ఇన్‌స్టంట్ గీజరు పెట్టించుకుంటే చోటు కలిసొస్తుందని అంటున్నాడు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి అక్కడి మోటారు హోమ్‌లలో వాడే ట్యాంకు లేని గ్యాస్ హీటరు పంపిస్తానంటున్నాడు. మా ఆవిడ మాత్రం ఇంట్లో ఉన్నలాంటి ట్యాంకు గీజరే కావాలంటోంది. ఎవరి మాట వినమంటారు?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీ ఆవిడగారి మాట వినండి. అయితే ఇంట్లో ఉన్న 25 లీటర్ల గీజరును కాకుండా 10 లీటర్లదాన్ని, అదీ తక్కువ వాట్ల కాయిల్‌తో పెట్టించుకోండి. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో ఇంటికి వర్తించే లెక్క బండికి వర్తించదు.

ఇంట్లో మనం గీజరు ఎంచుకునేటప్పుడు కరెంటు ఎంత దొరుకుతుంది, నీళ్లు ఎన్ని ఉన్నాయి అని ఆలోచించం; గోడలో 16 ఆంపియర్ల ప్లగ్గు ఉంటుంది, మిద్దె మీద ట్యాంకు ఉంటుంది. బండిలో ఈ రెండూ కొలిచి వాడుకోవలసినవే. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడి చేయడానికి ఒక కిలో క్యాలరీ కావాలి, 860 కిలో క్యాలరీలు ఒక యూనిట్ కరెంటుకు సమానం. అది ట్యాంకు గీజరైనా, ఇన్‌స్టంట్ గీజరైనా, మా అమ్మమ్మగారింట్లో బొగ్గులు వేసి కాచిన రాగి బాయిలరైనా నీటికి కావలసిన వేడి మారదు. మారేదల్లా ఆ వేడిని ఎంత సేపట్లో ఇస్తామన్నది. ట్యాంకు గీజరు అరగంటలో నెమ్మదిగా ఇచ్చేదాన్ని ఇన్‌స్టంట్ గీజరు నీళ్లు పారుతున్న ఆ అయిదు నిమిషాల్లోనే ఇవ్వాలి, కాబట్టి దానికి ఒక్కసారిగా చాలా శక్తి కావాలి.

మేస్త్రీ చెప్పే ఇన్‌స్టంట్ గీజరు మామూలుగా 3 కిలోవాట్లది. అది నిమిషానికి 3 లీటర్ల చొప్పున పారే నీటిని 14 డిగ్రీల మేరకు వేడెక్కించగలదు. తిరుపతిలో మబ్బు పట్టిన రోజున కొళాయి నీళ్లు 25 డిగ్రీలుంటే బయటికి 39 డిగ్రీల నీళ్లు వస్తాయి, స్నానానికి హాయిగానే ఉంటుంది. అదే గీజరుకు కొండ ప్రాంతంలో 8 డిగ్రీల నీళ్లు ఇస్తే వచ్చేవి 22 డిగ్రీల నీళ్లు. వాటితో మీ అత్తగారికి స్నానం చేయించలేరు. పైగా 3 కిలోవాట్లను 12 వోల్టుల బ్యాటరీ నుంచి తీయాలంటే, ఇన్వర్టరులో పోయేది కూడా కలుపుకుని, 260 ఆంపియర్ల దాకా లాగవలసి వస్తుంది. మీరు చెప్పిన బ్యాటరీ ఆ ధాటికి తట్టుకోదు, అందులోని రక్షణ సర్క్యూటు తానే కరెంటు ఆపేస్తుంది. సత్రాల దగ్గర, పెట్రోలు బంకుల వెనుక, లాడ్జీల ఆవరణల్లో అడిగితే దొరికే ప్లగ్గు చాలాచోట్ల చిన్న 5 ఆంపియర్ల ప్లగ్గే అయి ఉంటుంది. అక్కడ 3 కిలోవాట్ల గీజరు పెడితే ఫ్యూజు పోవడమో, ప్లగ్గు కరిగిపోవడమో జరుగుతుంది. మేస్త్రీ చెప్పినట్టు చోటు కలిసొచ్చే మాట నిజమే, కానీ వాడలేని వస్తువు ఎంత చిన్నదైతే మాత్రం ఏం లాభం?

ఇప్పుడు 10 లీటర్ల ట్యాంకు గీజరు సంగతి చూద్దాం. మన బజారులో దొరికేవాటిలో సాధారణంగా 2 కిలోవాట్ల కాయిల్ ఉంటుంది. దాన్ని 1 కిలోవాట్‌ది చేయించుకోండి. ట్యాంకులోని నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తెచ్చేందుకు దానికి దాదాపు 25 నిమిషాలు పడుతుంది, అర యూనిట్ కన్నా తక్కువ ఖర్చవుతుంది. 5 ఆంపియర్ల ప్లగ్గు కూడా ఆ మాత్రం భారాన్ని మోస్తుంది. ప్లగ్గు దొరకని రోజున బ్యాటరీ మీద నడిపినా అందులోని శక్తిలో దాదాపు ఆరో వంతు మాత్రమే పోతుంది, దాన్ని మధ్యాహ్నపు ఎండ మళ్లీ నింపుతుంది. మన వైపు ఎండకు కొదువ లేదు కదా!

పది లీటర్లు ముగ్గురికి ఎలా సరిపోతాయని మీకు అనుమానం రావచ్చు. 60 డిగ్రీల నీళ్లతో ఎవరూ స్నానం చేయరు. చన్నీళ్లు కలుపుకుని 40 డిగ్రీలకు తెచ్చుకుంటారు. చన్నీళ్లు 25 డిగ్రీలుంటే ఆ 10 లీటర్లు కలిపాక 23 లీటర్లవుతాయి, అంటే ఒక బకెట్టు నిండుగా. చన్నీళ్లు 10 డిగ్రీలుంటే 16, 17 లీటర్లు వస్తాయి. మనం బకెట్టు, చెంబు పెట్టుకుని స్నానం చేసేవాళ్లం గనుక ఒక ట్యాంకు ఒకరికి చక్కగా అమరుతుంది. ఒకరి తరువాత ఒకరికి మధ్య అరగంట ఎడం ఉంటే చాలు. ఈలోగా కాఫీ కాచుకోవచ్చు. ఇంకొక మాట కూడా గమనించండి. ముగ్గురు స్నానం చేస్తే మీ 100 లీటర్లలో 60, 70 లీటర్లు అయిపోతాయి. ట్యాంకు లేని హీటరు గురించి చెప్పేవారు ఎప్పుడూ 'ఎడతెగని వేడినీళ్లు' అంటారు. మీ దగ్గర ఎడతెగని చన్నీళ్లే లేనప్పుడు ఆ గుణం మీకు ఏ విధంగా ఉపయోగపడుతుంది?

ఇక మీ అబ్బాయి పంపిస్తానన్న హీటరు గురించి. అతని సలహా అక్కడి పరిస్థితికి సరైనదే. అమెరికాలో మోటారు హోమ్‌లు నిలిపే ఆవరణల్లో నీటి గొట్టాన్ని నేరుగా బండికి తగిలించుకునే ఏర్పాటు ఉంటుంది, షవరు స్నానం అలవాటు, ప్రొపేన్ గ్యాస్ ఎక్కడైనా నింపుతారు. అక్కడి ట్యాంకు లేని హీటర్లు 12 కిలోవాట్లు, అంతకు మించిన శక్తితో మండుతాయి కాబట్టి నిమిషానికి 5 లీటర్ల నీటిని 34 డిగ్రీల దాకా వేడెక్కించగలవు. ఆ ధారతో మీ 100 లీటర్ల ట్యాంకు 20 నిమిషాల్లో ఖాళీ అవుతుందన్నది ఒక ఇబ్బంది. నీటిని పొదుపు చేద్దామని ధార సన్నగా పెడితే, నిమిషానికి సుమారు 2 లీటర్ల కన్నా తగ్గినప్పుడు ఈ రకం హీటర్లలో మంట ఆరిపోతుంది, లేదా వెలగనే వెలగదు. సబ్బు రాసుకునేటప్పుడు కొళాయి కట్టేసి మళ్లీ తిప్పితే ముందు వేడినీళ్లు, వెంటనే ఒక దోసెడు చన్నీళ్లు, ఆ తరువాత మళ్లీ వేడినీళ్లు వస్తాయి. బండిలోని 12 వోల్టుల పంపు ఆగి ఆగి కొట్టేదైతే ఈ చిక్కు ఇంకా పెరుగుతుంది. ఇందుకు పరిహారంగా కొన్ని ఖరీదైన రకాలలో చిన్న ట్యాంకు కూడా పెడుతున్నారంటే, ట్యాంకు అవసరాన్ని తయారీదారులే ఒప్పుకున్నట్టు కాదా అని నాకనిపిస్తుంది.

అంతకన్నా పెద్ద అడ్డంకి గ్యాసు. అక్కడి హీటర్లలోని జెట్లు, అంటే గ్యాసు బయటికి వచ్చే సన్న రంధ్రాలు, ప్రొపేన్‌కు, అక్కడి రెగ్యులేటరు ఒత్తిడికి తగినట్టు చేసినవి. మనకు సిలిండర్లలో వచ్చేది బ్యూటేన్, ప్రొపేన్ కలిసిన గ్యాసు. బ్యూటేన్ సున్నాకు అర డిగ్రీ దిగువనే ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతూనే ఉంటుంది. అందుచేత హిమాలయాల్లో తెల్లవారుజామున, సరిగ్గా వేడినీళ్లు కావలసిన వేళకు, మన సిలిండరులో గ్యాసు ఉన్నా మంటకు చాలినంత రాదు. 12 కిలోవాట్ల మంటకు గంటకు దాదాపు ఒక కిలో గ్యాసు కావాలి. 5 కిలోల చిన్న సిలిండరు అంత వేగంగా ఆవిరిని ఇవ్వబోతే తానే చల్లబడి, పైన మంచు పట్టి, ఒత్తిడి పడిపోతుంది. ఇంటికిచ్చే 14.2 కిలోల సిలిండరును వంటకు తప్ప మరొక పనికి వాడకూడదన్న నిబంధన ఎలాగూ ఉంది.

ఒకవేళ మీ అబ్బాయి మనసు మార్చుకుని అక్కడి ట్యాంకు హీటరే పంపుతానన్నా వద్దనండి. అక్కడి మోటారు హోమ్‌లకు వచ్చే 6 గాలన్ల హీటరులో, అంటే దాదాపు 23 లీటర్లదానిలో, కరెంటు కాయిల్ 120 వోల్టులకు చేసినది, 1440 వాట్లది. దాన్ని మన 230 వోల్టులకు తగిలిస్తే వోల్టేజీ రెట్టింపుకు దగ్గరవుతుంది, శక్తి మాత్రం మూడున్నర రెట్లు దాటి 5 వేల వాట్లను మించుతుంది. కాయిల్ కాలిపోవడానికి ఆట్టే సేపు పట్టదు.

ఇంటి గీజరును బండిలో బిగించేటప్పుడు మూడు జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది బిగింపు. నిండిన 10 లీటర్ల గీజరు 16, 17 కిలోల దాకా తూగుతుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో, స్పీడ్ బ్రేకర్ల మీద ఆ బరువు ఊగకూడదు. దాన్ని ప్లైవుడ్ గోడకు కాకుండా బండి ఇనుప చట్రానికి, అడుగున ఆధారమిచ్చి, రబ్బరు వాషర్లు వేసి, వీలైనంత కిందుగా బిగించాలి. ఎనామెల్ పూత వేసిన ట్యాంకుకు అదురు పడదు, పూత పగిలిన చోట తుప్పు మొదలవుతుంది. కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యాంకు ఉన్నదే కొనండి. రెండవది సేఫ్టీ వాల్వ్. 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కిన 10 లీటర్ల నీరు సుమారు 140 మిల్లీలీటర్లు ఉబ్బుతుంది. చన్నీళ్ల గొట్టంలో నాన్-రిటర్న్ వాల్వ్ ఉంటే ఆ నీటికి వెనక్కి దారి ఉండదు, సేఫ్టీ వాల్వ్ గుండానే కారుతుంది. ఆ చుక్కలు చూసి లీకవుతోందని వాల్వును మూసి బిగించే ప్లంబర్లున్నారు. మీ వాడిని అలా చేయనివ్వకండి. ఆ వాల్వు నుంచి సన్నని గొట్టం ఒకటి బండి కిందికి వదిలితే సరిపోతుంది. మూడవది ఎర్తింగ్. ఇన్వర్టరు మీద నడిచినా, బయటి ప్లగ్గు మీద నడిచినా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్ చేత మీ ఎదుటే పరీక్ష చేయించుకోండి. తడి ఒంటితో ఇనుప గదిలో నిలబడేవారికి ఇది చిన్న విషయం కాదు.

మీకు ఖర్చు పెట్టే ఓపిక ఉంటే ఇంకొక మార్గముంది, నిజానికి నాకు అన్నిటికన్నా నచ్చినది అదే. పడవల్లో వాడే ఒక రకం ట్యాంకులో లోపల చుట్టలు చుట్టిన గొట్టం ఉంటుంది. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంటును ఆ గొట్టం గుండా తిప్పుతారు. నడిచే ఇంజిన్‌లో కూలెంటు 80, 90 డిగ్రీల వేడిగా ఉంటుంది, ఆ వేడి రేడియేటరు గుండా గాలిలో కలిసిపోయేదే. రోజూ నాలుగైదు గంటలు ప్రయాణించే మీలాంటి యాత్రికులకు, సాయంత్రం బండి ఆపేసరికి పైసా ఖర్చు లేకుండా వేడినీళ్లు సిద్ధంగా ఉంటాయి, ట్యాంకు చుట్టూ వేడిని పోనివ్వని మంచి పొర ఉంటే తెల్లవారేదాకా గోరువెచ్చగా నిలుస్తాయి. అదే ట్యాంకులో కరెంటు కాయిల్ కూడా ఉండేవి దొరుకుతాయి కాబట్టి బండి కదలని రోజున కూడా ఇబ్బంది ఉండదు. అయితే నీళ్లు ఒళ్లు కాలేంత వేడెక్కుతాయి; పెద్దావిడ ఉన్న ఇల్లు గనుక చన్నీళ్లను తానే కలిపే మిక్సింగ్ వాల్వ్ లేకుండా దీన్ని పెట్టించుకోకండి. కూలెంటు విషం, గొట్టం ఎక్కడైనా చిల్లు పడితే నీళ్లలో కలుస్తుంది, కాబట్టి ఆ నీటిని వంటకు, తాగడానికి వాడకూడదు.

మీరు అడగలేదు గానీ ఒక మాట. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చే మార్పులను అనుమతి లేకుండా చేయడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. సీట్లు తీసి పడకలు వేయించకముందే రవాణా కార్యాలయానికి వెళ్లి రండి. గీజరు సంగతి తరువాత చూసుకోవచ్చు.

ప్రశ్న: మా ఇంట్లో నిమిషానికి 6 లీటర్ల గ్యాస్ గీజరు వాడకుండా పడి ఉంది. అన్నయ్య, నేను కలిసి మా మినీ వ్యానును ప్రయాణాలకు తయారు చేసుకుంటున్నాం. అందులోని స్నానాల గదిలో దీన్ని బిగించుకోవచ్చా? కిటికీ తెరిచి ఉంచుతాం.
— ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: బిగించవద్దమ్మా. కిటికీ తెరిచినా వద్దు. ఇంటి గ్యాస్ గీజరు తాను ఉన్న గదిలోని గాలినే పీల్చుకుని మండుతుంది. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, తల తిరుగుతోందని తెలిసేసరికి తలుపు గడియ తీసే శక్తి ఉండదు. ఇళ్లలోని స్నానాల గదుల్లోనే దీనివల్ల ప్రాణాలు పోతుంటే, నాలుగడుగుల వ్యాను గది గురించి వేరే చెప్పాలా? మోటారు హోమ్‌ల కోసమే చేసిన గ్యాస్ హీటర్లలో మంట ఉండే పెట్టె లోపలి గదికి పూర్తిగా మూసి ఉంటుంది, గాలి పీల్చడం, పొగ వదలడం రెండూ బండి బయటి గోడ నుంచే జరుగుతాయి. ఇంటి గీజరుకు ఆ ఏర్పాటు మీరు చేయలేరు. ఎవరికైనా ఇచ్చేసినా, గాలి బాగా ఆడే చోట ఇంటి బయటి గోడకు బిగించుకోమని చెప్పి ఇవ్వండి.

ప్రశ్న: మా క్యారవాన్‌లో ట్యాంకు లేని హీటరు ఉంది. ఊళ్లో బోరు నీళ్లే పడుతున్నాం. ఏడాది కూడా కాలేదు, ధార సగానికి తగ్గింది, నీళ్లు మునుపటంత వేడిగా రావడం లేదు. హీటరు పాడైందా?
— ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: పాడై ఉండకపోవచ్చు, పూడిపోయి ఉండవచ్చు. మన జిల్లాలో బోరు నీళ్లు చాలాచోట్ల కఠినజలాలు. వేడి తగలగానే వాటిలోని సున్నం విడిపోయి లోహానికి అంటుకుంటుంది. మీ ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున కనిపించే తెల్లని పొర అదే. ట్యాంకు గీజరులో అది కాయిల్ మీద, ట్యాంకు అడుగున పేరుకుంటుంది కాబట్టి కొన్నేళ్లు గడిచినా పని నడుస్తుంది. ట్యాంకు లేనిదానిలో నీరు సన్నని గొట్టాల గుండా పోవాలి గనుక పలుచని పొర కూడా దారిని మూసేస్తుంది. ముందు నీళ్లు లోపలికి వెళ్లే చోట ఉండే జల్లెడ విప్పి కడగండి, ఒక్కొక్కసారి దోషం అంతటితోనే తీరుతుంది. తీరకపోతే గ్యాసు, కరెంటు రెండూ కట్టేసి, హీటరు చల్లారాక, బకెట్టు నీళ్లలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి చిన్న పంపుతో ముప్పావు గంట సేపు హీటరు గుండా తిప్పండి, తరువాత మంచినీళ్లతో బాగా కడగండి. ఇకమీదట బండి ట్యాంకులో పట్టేటప్పుడు వీలైనంతవరకు మున్సిపాలిటీ కొళాయి నీళ్లు పట్టుకోండి. బోరు నీళ్లు తప్పనిసరైతే ఆరు నెలలకొకసారి ఈ పని చేయక తప్పదు.