పచ్చ బటన్‌కు పలకని కోత మిషన్

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫోన్ వేడెక్కుతోందనో, ల్యాప్‌టాప్ నెమ్మదించిందనో ఉంటాయి. ఈసారి మాత్రం రాయి కోసేవాళ్ల నుంచి నాలుగు వచ్చాయి. వాటి కోసం ఫోన్ల సంగతులు వచ్చే వారానికి వాయిదా వేశాను.

మాది బేతంచర్ల దగ్గర నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ. 30 హెచ్‌పీ మోటారున్న కోత మిషన్ ఉంది. పది రోజుల క్రితం మా లైన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ మార్చారు. అప్పటి నుంచి పచ్చ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ప్యానెల్ మీద మూడు ఫేజుల దీపాలూ వెలుగుతున్నాయి. కంట్రోల్ కార్డు పోయింది, కొత్తది వేయాలని మిషన్ అమ్మినవాళ్లు అంటున్నారు. ఎలక్ట్రీషియన్ మాత్రం ఒక రిలేను తప్పించి నేరుగా కలిపేస్తే నడుస్తుందంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?

ఇద్దరి మాటా వినకండి. మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట "ట్రాన్స్‌ఫార్మర్ మార్చారు" అన్నది. దాన్ని మీరు తేదీ చెప్పడానికి రాసినట్టున్నారు గానీ, నాకు అందులోనే జవాబు కనిపిస్తోంది.

మూడు దీపాలు వెలిగితే మూడు ఫేజుల్లోనూ కరెంటు ఉందని అర్థం. అవి ఏ వరసలో వస్తున్నాయో ఆ దీపాలు చెప్పలేవు. ట్రాన్స్‌ఫార్మర్ మార్చినప్పుడు రెండు తీగలు అటూ ఇటూ అయితే వరస తారుమారవుతుంది, మూడు ఫేజుల మోటార్లన్నీ వెనక్కి తిరుగుతాయి. బోర్లున్న రైతును అడగండి. ట్రాన్స్‌ఫార్మర్ మార్చిన మర్నాడు మోటారు నడుస్తూనే నీళ్లు సగమే పోసిన కథ ఒకటైనా చెబుతాడు. మీ ప్యానెల్లో ఎలక్ట్రీషియన్ తప్పించాలంటున్న ఆ రిలే, నా అంచనా ప్రకారం, సరిగ్గా ఈ వరసనే కనిపెట్టుకుని ఉండేది. వరస తిరగబడిందని తెలిసి స్టార్టర్‌ను ఆపేసింది. అది చెడిపోలేదు, తన పని తాను చేస్తోంది.

రుజువు మీ ఫ్యాక్టరీలోనే దొరుకుతుంది. ఇలాంటి రిలే లేని పాత పాలిష్ మిషనో, నీటి పంపో ఒకటి ఉండే ఉంటుంది. అది నడుస్తోంది కదా అని ఊరుకోకుండా ఎటు తిరుగుతోందో చూడండి. మోటారు మీది బాణం గుర్తుకు ఎదురుగా తిరుగుతుంటే సందేహం తీరినట్టే. కంట్రోల్ కార్డు డబ్బులు మిగిలినట్టే.

మందు చిన్నదే. వచ్చే మూడు తీగల్లో ఏ రెండింటినైనా ఒకదాని స్థానంలో ఒకటి మార్చాలి. అయితే ఎక్కడ మార్చాలన్నది ముఖ్యం. కోత మిషన్ దగ్గర మారిస్తే అదొక్కటే బాగుపడుతుంది, మిగతావన్నీ వెనక్కే తిరుగుతుంటాయి. ఫ్యాక్టరీ మొత్తానికి వచ్చే మెయిన్ స్విచ్ తర్వాత మార్పించండి. ఈ పది రోజుల్లో ఎవరైనా పంపుకో, పాలిష్ మిషన్‌కో విడిగా తీగలు మార్చి ఉంటే దాన్ని ముందు పాత స్థితికి తేవాలి, లేకపోతే ఇప్పుడు అది తిరగబడుతుంది. మీటరుకు అవతల ఉన్నది విద్యుత్ సంస్థది, అక్కడ లైన్‌మన్ తప్ప ఎవరూ చేయి పెట్టకూడదు. మెయిన్ ఆపి, తాళం వేసి, తాళంచెవి పని చేసేవాడి జేబులోనే ఉంచాలి. మేస్త్రీ జేబులో కాదు.

మరి రిలే తప్పిస్తే ఏమవుతుంది? మిషన్ నడుస్తుంది, అసలు చిక్కు అదే. వజ్రపు బ్లేడు ఒక దిక్కుకే అలవాటు పడుతుంది. కోస్తున్నప్పుడు ప్రతి వజ్రపు రేణువు వెనకా లోహం చిన్న తోకలా మిగిలి దాన్ని దన్నుగా పట్టుకుంటుంది. ఎదురు తిప్పితే ఆ దన్ను ఉండదు, వజ్రాలు రాలిపోతాయి. బ్లేడును బిగించిన నట్టు తిరిగే కొద్దీ బిగుసుకునేలా మరలు వేసి ఉంటుంది కాబట్టి ఎదురు తిరిగితే వదులు కావచ్చు. పంపు కూడా తిరగబడితే బ్లేడు మీద పడే నీళ్లు తగ్గుతాయి. వదులైన నట్టుతో, నీళ్లు చాలని బ్లేడు ఎదుట నిలబడే మనిషి గురించి ఇక రాయనక్కర్లేదు.

వరస సరిచేసి, రిలే మీద పచ్చ చుక్క వెలిగాక కూడా మిషన్ కదలకపోతే అప్పుడు మిగతావి వెతకాలి. అన్నిటికన్నా ముందు చెవి పెట్టి వినండి. బటన్ నొక్కినప్పుడు, మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్ లాంటి కాంటాక్టర్ 'టక్' మనకపోతే మోటారుదాకా వెళ్లకండి, లోపం అంతకు ముందే ఉంది. పచ్చ బటన్ నుంచి కాంటాక్టర్‌ను లాగే తీగచుట్ట, అంటే కాయిల్ దాకా వెళ్లే సన్న తీగ దారిలో కాలువకు తూముల్లా వరసగా కొన్ని స్విచ్‌లుంటాయి. ఎర్ర పుట్టగొడుగులాంటి అత్యవసర బటన్, మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే, నీటి ఒత్తిడి స్విచ్, బ్లేడు మూత స్విచ్. ఒక్క తూము మూసినా చివరి మడి ఎండుతుంది.

అత్యవసర బటన్‌ను లాగితే చాలదు, చాలావాటిని తిప్పి వదలాలి. మిషన్ అవతలి చివర రెండోది ఉందేమో కూడా చూడండి. బట్ట తగిలించుకోవడానికి పనికొచ్చేది అదే కాబట్టి, నొక్కుకుపోయి ఉండేదీ అదే. ఓవర్‌లోడ్ రిలే మీద రీసెట్ మీట నొక్కాలి. బండలు కోసే చోట నేను మొదట అనుమానించేది మాత్రం నీటి స్విచ్‌నే. నాపరాయి బురద కలిసిన నీళ్లనే తొట్టిలో తేర్చి మళ్లీ మళ్లీ వాడతారు. ఆ బురద స్విచ్‌కు వెళ్లే సన్న గొట్టంలో చేరి, ఆరి, సున్నంలా గట్టిపడుతుంది. నీళ్లు ధారగా పడుతున్నా, లేవనే స్విచ్ అనుకుంటుంది. గొట్టం విప్పి కడిగితే పని అయిపోతుంది.

అన్ని తూములూ తెరిచి ఉంటే, బటన్ నొక్కి ఉంచి కాయిల్ ఏ1, ఏ2 చివరల మధ్య వోల్టేజీ కొలవాలి. కాయిల్ మీద రాసిన వోల్టేజీ వస్తున్నా కాంటాక్టర్ లాగకపోతే ఇక కాయిల్‌నే అనుమానించాలి. కరెంటు ఉండగా చేసే కొలత ఇది. చేతిలో మల్టీమీటర్ ఉన్నంత మాత్రాన అందరూ చేయదగ్గది కాదు.

'టక్' మని, ఆ తర్వాత మోటారు మూలుగుతూ తిరగకపోతే వెంటనే ఆపండి. మళ్లీ నొక్కి చూద్దామనుకుంటే వైండింగ్ కాలుతుంది. ఒక ఫేజు రాకపోవడం, కాంటాక్టర్ లోపలి బిళ్లలు కాలడం, బ్లేడు బండలో ఇరుక్కుని ఉండటం, వోల్టేజీ పడిపోవడం, ఈ నాలుగింటిలో ఒకటయ్యే అవకాశం ఎక్కువ. వోల్టేజీ ఎంత తగ్గితే మోటారు బలం అంతే తగ్గుతుందనుకుంటారు. కాదు, వర్గంలో తగ్గుతుంది. 415 వోల్టుల చోట 332 వస్తే, అంటే 80 శాతం ఉంటే, తిప్పే బలం 64 శాతమే. అందుకే సాయంత్రం కదలని మిషన్ తెల్లవారుజామున చక్కగా లేస్తుంది.

కాసేపు తిరిగి పడిపోతుంటే ఓవర్‌లోడ్ సెట్టింగ్ చూడండి. 30 హెచ్‌పీ మోటారు నిండు భారం మీద సుమారు 40 ఆంపియర్లు లాగుతుంది. మోటారును తక్కువ కరెంటుతో లేపే స్టార్-డెల్టా స్టార్టర్లో ఆ రిలే వైండింగ్ తీగల్లో ఉంటే దాన్ని 58 శాతానికి, అంటే దాదాపు 23కు పెట్టాలి. పడిపోతోందని విసుగెత్తి 40కి తిప్పేస్తే ఆ రోజుకు మిషన్ నడుస్తుంది. తర్వాత మోటారు రీవైండింగ్‌కు వెళుతుంది.

చీమకుర్తిలో గ్రానైట్ యూనిట్. కంప్యూటర్ తెర ఉన్న బ్రిడ్జి కట్టర్. ఆర్డర్లు లేక రెండు నెలలు ఆపాం. ఇప్పుడు తెర వెలుగుతోంది, ఎర్ర గీతలో చైనా అక్షరాలు వస్తున్నాయి, స్టార్ట్ తీసుకోవడం లేదు. సాఫ్ట్‌వేర్ మళ్లీ వేయించాలా?

ఆ అక్షరాలు ఏమంటున్నాయో చూడకుండా సాఫ్ట్‌వేర్ వేయించడమంటే, రోగి మాట వినకుండా మందు రాయడమే. ఫోన్లో గూగుల్ ట్రాన్స్‌లేట్ తెరిచి, కెమెరా గుర్తు నొక్కి, తెర వైపు చూపించండి. అనువాదం వంకరగానే ఉంటుంది గానీ "బ్యాటరీ తక్కువ", "ఆధార స్థానానికి రాలేదు" లాంటివి తెలిసిపోతాయి.

చాలాసేపు ఆపిన మిషన్లలో ఈ రెండే ఎక్కువ. రెండోది తేలిక. కరెంటు పోయాక బ్లేడు తల ఎక్కడ ఉందో కొన్ని మిషన్లకు గుర్తుండదు. ముందు దాన్ని మొదటి స్థానానికి పంపితేనే స్టార్ట్ తీసుకుంటాయి. బ్యాటరీ అయితే కాస్త ఆగాలి. మిషన్‌ను నడిపే చిన్న కంప్యూటర్ లాంటి పీఎల్‌సీ లోపలి చిన్న బ్యాటరీ కొన్ని రకాల్లో ప్రోగ్రామునే కాపాడుతుంది. మిషన్ ఆపి తీరిగ్గా బ్యాటరీ తీస్తే ప్రోగ్రాము పోతుంది. అప్పుడు నిజంగానే సాఫ్ట్‌వేర్ వేయించాలి! మార్చే పద్ధతి ఆ మోడల్ పుస్తకంలో ఉంటుంది, దాన్ని చదివాకే ప్యానెల్ తెరవండి.

తెర ఏమీ చెప్పకపోతే పీఎల్‌సీ మీద వరసగా ఉన్న చిన్న దీపాలను చూడండి. ఒకరు అత్యవసర బటన్ నొక్కి వదులుతుంటే, ఇంకొకరు దానికి సంబంధించిన దీపం మారుతోందా అని చూడాలి. మారకపోతే లోపం తీగలోనో స్విచ్‌లోనో ఉంది, ప్రోగ్రాములో కాదు. మోటారు వేగం మార్చే డ్రైవ్ పెట్టెను మాత్రం కరెంటు తీయగానే ముట్టుకోకండి. 415 వోల్టులు లోపల సుమారు 587 వోల్టుల డీసీగా కెపాసిటర్లలో నిలుస్తాయి. పెట్టె మీద రాసినన్ని నిమిషాలు ఆగి, కొలిచి చూశాకే చేయి పెట్టాలి. ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్‌తో మోటారును పరీక్షించే ముందు డ్రైవ్ తీగలు విప్పాలన్నదీ మరిచిపోవద్దు. విప్పకపోతే బాగున్న డ్రైవ్ కాస్తా పోతుంది.

మిషన్ బాగైన రోజున అరగంట కేటాయించండి. ప్యానెల్ తలుపు లోపల అతికించిన వైరింగ్ పటాన్నీ, డ్రైవ్‌లోని సెట్టింగులన్నిటినీ ఒక్కొక్కటిగా ఫోటోలు తీసి ఇద్దరి ఫోన్లలో దాచండి. ఆ పటం బురద నీళ్లకు చెరిగిపోయాకే దాని అవసరం పడుతుంది.

తాండూరులో ఫ్లోరింగ్ పని చేస్తాను. నాలుగు అంగుళాల చేతి కట్టర్ అప్పుడప్పుడు తిరుగుతోంది, తట్టితే మళ్లీ తిరుగుతోంది. కొత్తది కొనాలా?

కొనవద్దు. తట్టితే తిరుగుతోందంటే, మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు అరిగాయనే నా అనుమానం. ప్లగ్ తీసి, రెండు పక్కలా ఉన్న మూతలు విప్పి, రెండూ ఒకేసారి మార్చండి. కొత్తవి వేసినా లోపల మెరుపులు ఎక్కువగా వస్తుంటే ఆ తిరిగే భాగాన్ని, అంటే ఆర్మేచర్‌ను చూపించాలి. తీగ మొదట్లో విరిగిందేమో కూడా ఒకసారి వంచి చూడండి.

పొలం మోటారుకు ఫోన్‌తో ఆన్ చేసే స్టార్టర్ పెట్టాను, బాగుంది. మా బండల కోత మిషన్‌కు కూడా పెడితే కరెంటు రాగానే ఇంటి నుంచే ఆన్ చేయవచ్చు కదా?

పెట్టకండి. పొలం బోరు భూమి లోపల ఉంటుంది, దాని పక్కన ఎవరూ చేయి పెట్టి ఉండరు. కోత మిషన్ బ్లేడు దగ్గర, కరెంటు పోయిన ఆ పది నిమిషాల్లోనే, ఎవరో ఒకరు ముక్కలు ఏరుతూనో బ్లేడు బిగిస్తూనో ఉంటారు. కరెంటు పోయి వచ్చాక మనిషి వచ్చి మళ్లీ బటన్ నొక్కితే తప్ప లేవకుండా మీ స్టార్టర్‌ను కట్టింది అందుకే. కరెంటు రాగానే మోటారును దానంతటదే లేపే ఆటో స్టార్టర్ల బెడద పొలాల్లో కూడా తక్కువేమీ కాదు. 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, వాటిని తీసేయమని రైతులను అడగాల్సి వచ్చింది. అక్కడ వృథా అయ్యేది నీళ్లూ కరెంటూ. మీ దగ్గర వేళ్లు.

ఫోన్ స్టార్టర్ మీద అంత మోజుంటే ఫ్యాక్టరీ తొట్టి నింపే బోరుకు పెట్టుకోండి. కూలీలు వచ్చేసరికి తొట్టి నిండి ఉంటుంది.