బరువు తగ్గాక పీరియడ్స్ ఆగిపోయాయి, జిమ్ మానేయాలా?

మీరు రాసింది ఇదీ: వయసు 23, ఎత్తు 160 సెంటీమీటర్లు. ఐదు నెలల్లో 63 కిలోల నుంచి 51కి వచ్చారు. రోజూ గంట జిమ్. మధ్యాహ్నం పన్నెండుకు మొదటి తిండి, రాత్రి ఎనిమిదికి ఆఖరిది, యాప్‌లో లెక్క 1100 కేలరీలు దాటనివ్వడం లేదు. మొదట డేట్ వెనక్కి జరిగింది, తర్వాతి నెల రెండు రోజులే కనిపించింది, ఇప్పుడు మూడు నెలలు దాటినా రాలేదు. జిమ్‌లో స్నేహితురాలు ‘అందరికీ అవుతుందిలే’ అంటోంది, అమ్మగారు జిమ్ మానేయమంటున్నారు. టాబ్లెట్ వేసుకుంటే సరిపోతుందా అని మీరు అడుగుతున్నారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. ఈ వారమే గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళండి, మూడు నెలలు రాకపోతే పరీక్షలు చేయించుకోవాల్సిందే. ప్రెగ్నెన్సీకి అవకాశం ఉంటే ఆ టెస్ట్ అన్నిటికంటే ముందు. జిమ్ పూర్తిగా మానక్కర్లేదు, కొంతకాలం తగ్గించాలి. తిండి మాత్రం ఇవాళ్టి నుంచే పెంచాలి. టాబ్లెట్‌తో బ్లీడింగ్ తెప్పించుకోవడం దీనికి వైద్యం కాదు. నేను డాక్టర్‌ని కాదు. నాకు ఇదే జరిగింది. మా చెల్లికి దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరిగింది. ఆ రెండూ దగ్గర్నుంచి చూశాను కాబట్టి రాస్తున్నాను.

హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ మారథాన్ (సగం దూరం) పరుగెత్తాలని కేబీఆర్ పార్క్ చుట్టూ ప్రాక్టీస్ మొదలుపెట్టాను. పొద్దున్నే ఖాళీ కడుపుతో పరుగు, ఆఫీసులో ఓట్స్, రాత్రికి ఒక జొన్న రొట్టె, కూర. అన్నం ముట్టేదాన్ని కాదు. బరువు దిగుతుంటే చుట్టూ అందరూ మెచ్చుకునేవాళ్ళు. పీరియడ్స్ ముందు పలచబడ్డాయి, తర్వాత ఆగిపోయాయి. మే నెలలో కూడా ఆఫీసులో శాలువా కప్పుకుని కూర్చునేదాన్ని, వేళ్ళు అంత చల్లగా ఉండేవి. తెల్లవారుజామున మెలకువ వచ్చేసి మళ్ళీ నిద్ర పట్టేది కాదు. తలదువ్వితే దువ్వెన నిండా జుట్టు. పగలంతా తిండి మీదే ధ్యాస. వీటికీ డేట్ రాకపోవడానికీ సంబంధం ఉందని అప్పట్లో నాకెవరూ చెప్పలేదు. మీకూ ఇలాంటివి ఉంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

మొదట చూపించుకున్న చోట స్కానింగ్ తీసి, అండాశయాల్లో చిన్న చిన్న నీటి బుడగలు ఉన్నాయి కాబట్టి పీసీఓడీ (హార్మోన్లు తేడా వచ్చి అండం సరిగ్గా విడుదల కాని సమస్య) అన్నారు. ఇంకో నాలుగు కిలోలు తగ్గమన్నారు! నా బరువు అప్పటికే మామూలు కంటే కిందికి జారుతోంది. ఇది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఆ సలహా పాటించి ఉంటే పరిస్థితి ఇంకా దిగజారేది. తిండి చాలక పీరియడ్స్ ఆగినవాళ్ళలో కూడా స్కానింగ్‌లో అలాంటి బుడగలు కనిపించవచ్చు. అండం ఎదగడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిన చిన్న సంచులవి. ఒక్క స్కానింగ్ చూసి పీసీఓడీ అని తేల్చకూడదు.

రెండో డాక్టర్ స్కానింగ్ రిపోర్ట్ పక్కన పెట్టి, ఏం తింటున్నావు, ఎంత పరుగెత్తుతున్నావు అని అడిగారు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్), అండాశయాల్ని పనిచేయించే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ హార్మోన్లు, ఈస్ట్రడయాల్ (ముఖ్యమైన ఈస్ట్రోజెన్ హార్మోన్) పరీక్షలు రాశారు. మొదటి రెండూ మామూలుగా వచ్చాయి. ఎల్‌హెచ్, ఈస్ట్రడయాల్ బాగా తక్కువ. కొన్ని రోజులు ప్రొజెస్టరాన్ టాబ్లెట్లు ఇచ్చి చూశారు, అవి ఆపాక కూడా బ్లీడింగ్ రాలేదు. ఈస్ట్రోజెన్ లేక గర్భాశయం లోపలి పొర ఏర్పడనే లేదు, ఇక రాలడానికి ఏముంటుంది అని వివరించారు. మెదడు సంకేతాలు తగ్గి ఇలా పీరియడ్స్ ఆగిపోవడాన్ని వైద్యులు ఫంక్షనల్ హైపోథలమిక్ అమెనోరియా అంటారు.

జరిగేది ఏమిటంటే, మెదడులో హైపోథలమస్ అనే భాగం కొద్దికొద్ది సేపటికి ఒక హార్మోన్ సంకేతం పంపుతుంటుంది. దాన్ని అందుకుని పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ విడుదల చేస్తుంది, వాటితో అండం ఎదుగుతుంది. లోపలికి వచ్చే శక్తి చాలడం లేదని మెదడుకి తెలిస్తే ఆ సంకేతాలు పలచబడతాయి. చెరువు నిండని ఏడాది వరినాట్లు వెయ్యరు కదా, శరీరం చేసేదీ అదే. గర్భం మోసే స్తోమత ఇప్పుడు లేదని అండం పని ఆపేస్తుంది. గుండె, ఊపిరి, మెదడు నడవాలి కాబట్టి ఉన్న శక్తిని అటు మళ్ళిస్తుంది.

దీనికి కారణం వ్యాయామమా, తిండా అన్నది అమెరికా పరిశోధకురాలు ఆన్ లౌక్స్ బృందం విడదీసి చూసింది. 1998లో వచ్చిన పరిశోధనలో, వ్యాయామం చేయించినా అందుకు తగినంత తిండి పెడితే ఎల్‌హెచ్ విడుదలయ్యే లయ చెడలేదు. 2003లో ఇంకొకటి వచ్చింది. వ్యాయామానికి పోగా మిగిలే శక్తి, కొవ్వు తీసేసిన శరీర బరువులో కిలోకి రోజుకు 30 కేలరీల కంటే తగ్గితే ఐదు రోజుల్లోనే ఆ లయ దెబ్బతింది. 45 ఉంటే హాయిగా సరిపోతుంది. అందరికీ కచ్చితంగా 30 దగ్గరే తెగుతుందని కాదు, కొందరికి అంతకు పైనే ఇబ్బంది మొదలవుతుంది.

మీ అంకెలే వేసి చూద్దాం. మీ 51 కిలోల్లో కొవ్వు తీసేస్తే సుమారు 40 కిలోలు అనుకోండి. తినేది 1100, గంట జిమ్‌కి 300 పోతే మిగిలేది 800. అంటే కిలోకి 20! కనీసం 30 రావాలన్నా మీరు 1500 తినాలి, 45 రావాలంటే 2100. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కలోనూ ఒక మోస్తరు శ్రమ చేసే 55 కిలోల మహిళకు రోజుకు 2130 కేలరీలు. మీరు తింటున్నది అందులో సగం. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే లెక్క) చూస్తే మీది దాదాపు 20, మామూలే. అందుకే ఎవరికీ అనుమానం రాదు. సన్నబడి ఎముకలు కనిపించేదాకా ఆగక్కర్లేకుండానే పీరియడ్స్ ఆగిపోవచ్చు.

ఇక మా చెల్లి సంగతి. తనకి నిజంగానే పీసీఓడీ. బరువు ఎక్కువ, గడ్డం మీద వెంట్రుకలు, రెండు మూడు నెలలకోసారి డేట్. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువై, అండాశయాలు మగ హార్మోన్లు ఎక్కువ తయారుచేయడం వల్ల అండం విడుదల కాకపోవడం దాని తీరు. అలాంటి వాళ్ళలో అధిక బరువున్నవారు 5 నుంచి 10 శాతం తగ్గినా పీరియడ్స్ దారిలో పడే అవకాశం బాగా ఉంది. చెల్లి 78 నుంచి 72కి వచ్చేసరికి దాదాపు నెలనెలా రావడం మొదలైంది. భోజనం మానలేదు, తెల్లన్నం తగ్గించి పప్పు, గుడ్లు, కూర పెంచింది, సాయంత్రం నడక, వారంలో కొన్ని రోజులు బరువులెత్తడం. ఒకే ఇంట్లో బరువు తగ్గి ఒకరికి పీరియడ్స్ వచ్చాయి, ఒకరికి పోయాయి. అందుకే ‘బరువు తగ్గితే అన్నీ సర్దుకుంటాయి’ అనే సలహా ఎవరిచ్చినా, మీ కారణం ఏమిటో తేలకుండా పాటించకండి.

‘పీరియడ్స్ లేకపోతే హాయేగా’ అనే మాట రన్నింగ్ గ్రూపుల్లో చాలాసార్లు విన్నాను. వినగానే నాకు భయమేస్తుంది. ఎముకల్ని కాపాడేది ఈస్ట్రోజెన్. ఇరవైల్లో ఎముక గట్టిపడి నిండుకు చేరాల్సిన సమయంలో అది తగ్గితే, పోగొట్టుకున్నది పూర్తిగా తిరిగి వస్తుందన్న హామీ లేదు. మా గ్రూపులో పీరియడ్స్ రాని ఒకమ్మాయికి ఎక్కడా పడకుండానే పాదం ఎముకలో సన్నటి చీలిక వచ్చింది. మీకు ముంగాలి ఎముక మీద, పాదంలో ఒకేచోట నొక్కితే నొప్పి ఉంటే గెంతడం, పరుగెత్తడం ఆపేసి చూపించుకోండి. ఆరు నెలలు దాటినా పీరియడ్స్ రాకపోతే ఎముకల సాంద్రతకు డెక్సా స్కాన్ అవసరమేమో డాక్టర్‌ని అడగండి.

టాబ్లెట్ సంగతి. గర్భనిరోధక మాత్రలు వేసుకుంటే నెలనెలా బ్లీడింగ్ వస్తుంది, కానీ అది మాత్ర తెప్పించింది. మెదడు సంకేతాలు తిరిగి మొదలయ్యాయో లేదో తెలియకుండా కప్పేస్తుంది. ఎముకలకీ దాంతో రక్షణ రాదు. పీరియడ్స్ తెప్పించడానికో ఎముకల కోసమో మాత్రమే వాటిని వాడొద్దని ఎండోక్రైన్ సొసైటీ 2017 మార్గదర్శకాలు సూచించాయి. మందుల షాపులో అడిగి కొనుక్కోవడం అసలే వద్దు. డాక్టర్ పరీక్ష కోసం ప్రొజెస్టరాన్ ఇస్తే అది వేరు.

నాకు పనిచేసింది తిండి, విశ్రాంతి. పరుగుకి ముందు అరటిపండు, వచ్చాక గంటలోపు పెసరట్టో ఇడ్లీయో, మధ్యాహ్నం పప్పు, నెయ్యి, పెరుగుతో కడుపు నిండా అన్నం. మీలాగే నేనూ చేస్తున్న పదహారు గంటల ఉపవాసం తీసేశాను. పరుగు వారానికి మూడు రోజులకు తగ్గించాను. అమ్మ చిమ్మిలి చేసి పంపింది, పెద్దమనిషైనప్పుడు పెట్టినట్టే. నువ్వులు డేట్ తెప్పించే మందని నేను చెప్పను, కానీ నువ్వులు, బెల్లం మంచి బలమైన తిండి, నాకప్పుడు కావాల్సింది అదే. కొద్దిగా బరువు పెరిగాను. అది ఒప్పుకోవడమే అన్నిటికంటే కష్టమైంది, అద్దం ముందు ఏడ్చిన రోజులున్నాయి. మీకూ తిండి పెంచాలంటే టెన్షన్‌గా ఉంటే, బరువు గురించిన ఆలోచన వదలకపోతే, కౌన్సెలింగ్ తీసుకోండి. ఇది వైద్యంలో భాగమే. కొన్ని నెలలకు పీరియడ్స్ తిరిగొచ్చాయి, మొదట్లో అటూ ఇటూగా, తర్వాత సరిగ్గా. ఆ తర్వాత హాఫ్ కూడా పరుగెత్తాను, ఈసారి తింటూ.

అమ్మగారికి ఇలా చెప్పండి: జిమ్ వారంలో మూడు నాలుగు రోజులు, తేలిగ్గా, తిండి మాత్రం ఆవిడ పెట్టినంత. డాక్టర్ దగ్గరికి ఆఖరి మూడు నాలుగు డేట్‌లు, నెలనెలా బరువు, రోజూ తినేది, చేసే వ్యాయామం కాగితం మీద రాసుకుని వెళ్ళండి. వాళ్ళు అడగకపోయినా ఆ కాగితం చేతికివ్వండి. పెళ్ళయినవాళ్ళు, భాగస్వామి ఉన్నవాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోవాలి. తిరిగొచ్చే మొదటి పీరియడ్‌కి దాదాపు రెండు వారాల ముందే అండం విడుదలవుతుంది, కాబట్టి డేట్ రావడం లేదు కదా అని గర్భం రాదనుకోవద్దు.