మొదటిసారి స్కీకి వెళ్తున్న సుధకు

చి. సౌ. సుధకు, అత్తయ్య ఆశీస్సులు.

పిల్లల్ని తీసుకుని స్వీడన్‌లోనే ఉన్న ఓరె కొండలకు స్కీకి వెళ్తున్నారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. కానీ క్రిస్మస్ సెలవుల్లో మాత్రం వద్దమ్మా. డిసెంబరు చివర అక్కడ పగలు నాలుగున్నర గంటలే. చీకటీ చలీ కలిస్తే, స్కీ మొదటిసారి కట్టుకున్న పిల్లలు రెండో రోజే ఇంటికి పోదామంటారు. ఇక ఏడాదిలో 9వ వారం, అంటే ఫిబ్రవరి చివర్లో వచ్చే బడి సెలవులు స్పోర్ట్‌లోవ్‌కి, స్టాక్‌హోమ్ జనమంతా అక్కడే ఉంటారు. ఈస్టర్ సెలవులకు పెట్టుకోండి. ఏప్రిల్ మొదట్లో పగలు 13 గంటలు దాటుతుంది, మంచూ ఉంటుంది. అప్పుడూ రద్దీయే కాబట్టి ఇల్లు మాత్రం అక్టోబరులోపే బుక్ చేసేయండి. మధ్యాహ్నానికి కింది వాలుల్లో మంచు మెత్తబడిపోతుంది, పొద్దున్నే బయల్దేరాలి.

అక్కడి ఓరెస్కూటన్ శిఖరం ఎత్తు 1,420 మీటర్లు. 2007లో, 2019లో ప్రపంచ స్కీ ఛాంపియన్‌షిప్ పోటీలు జరిగింది ఆ కొండ మీదే. ఆ నిటారు వాలులు ఈ ఏడాది మీకు అక్కర్లేదు. ఊరి మధ్యలో కాకుండా బ్యోర్నెన్ వైపు ఇల్లు చూడండి, కొత్తవాళ్లకూ పిల్లలకూ అక్కడి వాలులు అనువైనవి. ఆకుపచ్చ గుర్తు వాలు అన్నిటికంటే తేలిక, తర్వాత నీలం, ఎరుపు, నలుపు. మొదటి రెండు రోజులూ ఆకుపచ్చ దాటొద్దు. నలుగురూ స్కీ స్కూల్లో చేరండి, మీ ఆయన యూట్యూబ్‌లో చూసి నేర్చుకుంటానన్నా సరే.

స్టాక్‌హోమ్ నుంచి రాత్రి రైలెక్కితే పొద్దున ఓరెలో దిగొచ్చు. మంచు రోడ్ల మీద కారు నడపడం మీకింకా అలవాటు లేదు, రైలే మేలు.

స్కీ సామాను అద్దెకు తీసుకునేటప్పుడు బరువు తగ్గించి చెప్పొద్దు, రాని స్కీ వచ్చనీ చెప్పొద్దు. నీ బరువు, ఎత్తు, వయసు, అనుభవం చూసే బైండింగ్, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు, సరిచేస్తారు. లెక్క తప్పితే, పడినప్పుడు స్కీ ఊడాల్సిన చోట ఊడదు, మోకాలు మెలిపడుతుంది. బూటులో ఒక్క జత పల్చటి ఉన్ని సాక్స్ చాలు. రెండు జతలు వేస్తే రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. ఒంటికి ఆనుకునే బట్టలు నూలువి వద్దు, చెమటకు తడిసి అలాగే ఉండిపోతాయి.

కొత్తవాళ్లు వాలు కంటే ముందు లిఫ్టు దగ్గరే పడతారు. తాడుకు వేలాడే అడ్డబద్దతో మనిషిని వాలు పైకి లాగేది యాంకర్ లిఫ్టు. ఆ బద్ద వెనక తగలగానే కుర్చీ అనుకుని కూర్చుంటారు. కూర్చోకూడదు. మోకాళ్లు కాస్త వంచి, స్కీలు సమాంతరంగా పెట్టి నిలబడితే అదే లాగుతుంది. పడ్డావో, బద్ద వదిలేసి వెంటనే పక్కకు జరుగు, వెనక మనుషులు వస్తుంటారు. చిన్నాడిని నీతోపాటు ఎక్కించకు. నీ తొడల వెనక ఆనే బద్ద వాడి వీపు మీదికి వస్తుంది. ముందు నేల మీది బెల్టు లిఫ్టు అలవాటు కానీ.

పిల్లలకు ఒక్క నియమం కంఠతా పట్టించు: ముందు, కింద వెళ్తున్నవాళ్లదే హక్కు, వెనకనుంచి వచ్చేవాళ్లే తప్పుకోవాలి. ఆగాలంటే వాలు అంచున ఆగాలి. గాలి పెరిగితే పై లిఫ్టులు ఆపేస్తారు. ఆ రోజు పేచీ పెట్టకుండా కింద ఆడుకోండి. గుర్తులున్న వాలు దాటి అడుగు పెట్టొద్దు. ప్రమాదమైతే 112.

రాజమండ్రి నుంచి మీ అత్తమామలు కూడా వస్తారన్నావు. వీసా కోసం 30,000 యూరోల బీమా ఎలాగూ చేయిస్తారు. మీ బీమాల్లో మాత్రం స్కీ గాయాలకు వర్తిస్తుందో లేదో చదివి చూడు. పెద్దవాళ్ల బూట్లకు తొడిగే మేకుల పట్టీలు, అవే బ్రోడార్, తప్పకుండా కొను. కొండమీద కంటే పార్కింగ్ దగ్గరి నున్నటి మంచు మీదే వాళ్లు జారేది. కేబుల్ కారులో పైకి తీసుకెళ్లి చూపించు, దానికి స్కీ రానక్కర్లేదు.

అక్కడి అద్దె ఇంట్లో వంటగది ఉంటుంది. చారుపొడి, కందిపప్పు, ఆవకాయ తీసుకెళ్లు. సాయంత్రం అలిసిపోయి వచ్చాక వేడివేడి చారన్నమే అందరికీ కావాలనిపిస్తుంది. దుప్పట్లు, తువ్వాళ్లు అద్దెలో చాలాచోట్ల కలవవు. ఖాళీ చేసేముందు ఆ ఇల్లు తుడవడం కూడా మీదే, లేదా దానికి వేరే డబ్బు కట్టాలి. బుక్ చేసేటప్పుడే అడుగు.

మా మనవల హెల్మెట్లు ఇక్కడ ఉప్సాలాలో ఉన్నాయి. పిల్లల తల చుట్టుకొలత సెంటీమీటర్లలో రాసి పంపు, సరిపోతే ఈ ఆదివారం తెచ్చిస్తాను.

అత్తయ్య