వేటగాళ్ల సంగతి ఎవరికి చెప్పాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ పేజీలో పొలం గట్ల మీద పెట్టే ఉచ్చుల గురించి నాలుగు ముక్కలు రాశాం కదా, దానికి ఉత్తరాలూ మెసేజ్‌లూ బాగానే వచ్చాయి. ఎక్కువమంది అడిగింది ఒకటే, చూశాం సరే, ఎవరికి చెప్పాలి, చెబితే మాకేం అవుతుంది అని. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాం. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఎవరి పేరూ వేయట్లేదు.

ప్రశ్న: సార్, మాది ఆసిఫాబాద్ జిల్లాలో అడవిని ఆనుకుని ఉన్న ఊరు. మా పక్క చేను ఆయన నాకు బాబాయి వరస. అడవి పందులు మక్క చేను తొక్కేస్తున్నాయని రాత్రిపూట కరెంటు తీగ పెడుతున్నాడు. పందులకనే అంటాడు గానీ దుప్పి పడితే అది కూడా కోసుకుని అమ్ముకుంటున్నారు. చెబితే ఇంట్లో గొడవ, చెప్పకపోతే భయం. ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, ముందు ఒక్క మాట, పొద్దున్నే వెళ్లి ఆ తీగ నువ్వే పీకేద్దాం అనుకోకు. తెల్లారేలోపు కొక్కెం తీసేస్తారులే అనుకుంటాం గానీ అన్ని రోజులూ తీయరు. బైండింగ్ వైరు మోకాలి ఎత్తున చిన్న కర్రలకి కట్టి పైన లైనుకి తగిలిస్తారు, వెలుతురు సరిగ్గా లేకపోతే అది కంటికి కూడా కనపడదు, మంచు పడిన గడ్డిలో అసలే కనపడదు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లాలో కూంబింగ్‌కి వెళ్లిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఒకరు వేటగాళ్లు పెట్టిన ఇలాంటి తీగ తగిలే చనిపోయారు, ట్రైనింగ్ ఉన్న మనిషి, పక్కన టీమ్ ఉంది, అయినా సరే. ఇక పొద్దున్నే నీళ్లు పెట్టడానికి వెళ్లే నీలాంటి వాళ్లకి ఏం దిక్కు.

కాబట్టి తీగ వేసి ఉందని తెలిసిన రాత్రి మొదటి ఫోన్ లైన్‌మన్‌కి, లేదా 1912కి, సప్లై ఆపించాలి. రెండో ఫోన్ ఫారెస్ట్ వాళ్లకి. మీ బీట్ ఆఫీసర్ నంబర్ ఫోన్‌లో ఉందా? లేకపోతే రేపే రేంజ్ ఆఫీసుకి వెళ్లి తెచ్చుకో, రేంజ్ ఆఫీసర్‌ది కూడా. బీట్ ఆఫీసర్ అదే ఊళ్లో ఉంటాడు, అందరికీ తెలిసినవాడు, ఒక్కోసారి మీ బాబాయితో కలిసి టీ తాగేవాడే అయ్యుండొచ్చు (అందరూ అలా ఉంటారని కాదు, పాపం చాలామంది రాత్రిళ్లు ఒక్క టార్చ్‌తో తిరుగుతారు), అనుమానం ఉంటే నేరుగా రేంజ్ ఆఫీసర్‌కో డీఎఫ్ఓకో (జిల్లా అటవీ అధికారి) చెప్పు. ఎవరూ ఎత్తకపోతే 112.

చెప్పేటప్పుడు "మా ఊళ్లో వేట జరుగుతోంది సార్" అంటే ఎవరూ ఏం చేయలేరు. ఏ సర్వే నంబర్ దగ్గర, ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద, రాత్రి ఎన్నింటికి తగిలిస్తున్నారు, ఎన్నింటికి తీస్తున్నారు, మాంసం ఏ బండి మీద ఎటు పోతోంది, బండి నంబర్ ఎంత, ఇవి కావాలి. ఊళ్లో లైట్లు ఒక్కసారి డిమ్ అయి మళ్లీ వచ్చే టైమ్ కూడా గుర్తుపెట్టుకో, తీగకి ఏదైనా తగిలినప్పుడు అలా అవ్వొచ్చు. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి దూరం నుంచి పగటిపూట ఒక ఫొటో తీస్తే చాలు, ఆ మనిషి మొహం పడాల్సిన పనిలేదు.

ఇక బాబాయి విషయం. అతని బాధ అబద్ధం కాదు, పందుల గుంపు దిగితే మక్క చేను ఒక్క రాత్రిలో నేలమట్టం. దానికి చట్టంలో దారి ఉంది, వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో 11వ సెక్షన్ కింద పంటకి ముప్పు అయిన జంతువుని వేటాడటానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారం ఇచ్చిన ఆఫీసర్ గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు, పంట నష్టానికి పరిహారం కోసం అప్లికేషన్ పెట్టుకోవచ్చు. ఆ కాగితాలు పట్టుకుని నువ్వే ఒకసారి వెళ్లి కూర్చుని మాట్లాడు, వింటే మంచిదే. వినకపోతే మాత్రం చుట్టరికం చూడకు. ఆ తీగ పందికీ దుప్పికీ పులికీ మనిషికీ తేడా చూడదు, పులి పడితే కనీసం మూడేళ్లు, ఏడేళ్ల దాకా జైలు, కరెంటు దొంగతనం కేసు వేరే. మీ జిల్లాలోనే 2024 జనవరిలో కాగజ్‌నగర్ వైపు రెండు పులులు చచ్చిపోయి, పశువు కళేబరానికి విషం పెట్టారన్న కేసులో అరెస్టులు జరిగిన సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఆ స్టేజ్‌కి వెళ్లాక చుట్టాలం మనమూ ఏం చేయలేం.

ప్రశ్న: ఫోన్ చేస్తే నా పేరు బయటికి వస్తుందా? బహుమతి ఇస్తారని విన్నాను, నిజమేనా?

జవాబు: పేరు చెప్పకుండానే చెప్పొచ్చు, సమాచారం ముఖ్యం. నేరం గురించి మీకు ఎవరు చెప్పారు అని పోలీసుని బలవంతంగా చెప్పించడానికి కుదరదని మన సాక్ష్య చట్టంలోనే ఉంది. కానీ చట్టం వేరు ఊరు వేరు, అది మీకూ తెలుసు మాకూ తెలుసు. ఊళ్లో సగం పేర్లు ఆఫీసు నుంచి కాదు, చెప్పినవాళ్ల నోటి నుంచే బయటికి వస్తాయి, సాయంత్రం బడ్డీకొట్టు దగ్గర "నేనే పట్టించా" అని ఒక్కడికి చెబితే చాలు. ఇంట్లో వాళ్లకి కూడా చెప్పకండి, ఫోన్ మీ నంబర్ నుంచి చేసినా "నా పేరు రికార్డులో రాయొద్దు సార్" అని మొదటే అడగండి. సాక్షిగా కోర్టుకి రావడం వేరే విషయం.

బహుమతి ఉంది. కోర్టు వేసిన జరిమానాలో సగం వరకూ పట్టించిన మనిషికి ఇవ్వమని కోర్టే ఆర్డర్ వేయొచ్చు, అది కాకుండా రాష్ట్రం తరఫున 10,000 వరకూ ఇచ్చే ఏర్పాటు కూడా వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనే 60బీ సెక్షన్‌లో ఉంది. అయితే కేసు తేలేసరికి ఏళ్లు పడుతుంది, ఆ డబ్బు లెక్కలో పెట్టుకుని ఫోన్ చేస్తే నిరాశే. 1998లో జోధ్‌పూర్ దగ్గర కంకాణి ఊళ్లో కృష్ణజింకల వేట కేసు చూడండి, బిష్ణోయి గ్రామస్తులు సాక్ష్యం మీద గట్టిగా నిలబడ్డారు, సల్మాన్ ఖాన్‌కి కింది కోర్టు 5 ఏళ్ల శిక్ష వేసింది 2018 ఏప్రిల్‌లో, దాని మీద మళ్లీ అప్పీల్. ఇరవై ఏళ్లు మాట మార్చకుండా ఉండటం అంటే మాటలా, అదీ ఎదురుగా అంత పెద్ద హీరో ఉండగా.

ప్రశ్న: మేము మత్స్య సహకార సంఘం సభ్యులం. చెరువులో చేప పిల్లలు వేసి పెంచుకుంటున్నాం. రాత్రిళ్లు ఎవరో వచ్చి జిలెటిన్ బాంబులు వేస్తున్నారు, ఒకసారి మందు కూడా కలిపారు. ఫారెస్ట్ వాళ్లకి చెబితే మాకు సంబంధం లేదంటున్నారు.

జవాబు: అడవి లోపల చెరువు కాకపోతే వాళ్లన్నది నిజమే, మీరు వెళ్లాల్సింది జిల్లా మత్స్య శాఖ ఆఫీసుకీ పోలీస్ స్టేషన్‌కీ. చేపల కోసం నీళ్లలో డైనమైట్ వాడటం, విషం కలపడం 1897 నాటి ఫిషరీస్ చట్టం నుంచే నేరం, అంటే బ్రిటిష్ వాళ్ల కాలంలో కూడా ఈ బెడద ఉండేదన్నమాట. పైగా జిలెటిన్ స్టిక్ అంటే పేలుడు పదార్థం, దానికి కేసు ఇంకా పెద్దది, పోలీసులు చేపల కేసుని తేలిగ్గా తీసుకున్నా పేలుడు పదార్థం అంటే లేచి కూర్చుంటారు, ఫిర్యాదులో ఆ మాట పైనే రాయండి. క్వారీల నుంచి ఆ స్టిక్స్ ఎలా బయటికి వస్తున్నాయో వాళ్లకీ కావాలి.

బాంబు వేసినవాడికి దొరికేది నీళ్ల మీద తేలినవే. పేలుడికి చేప లోపలి గాలి తిత్తి పగిలిపోతుంది, తిత్తి పగిలిన చేప చాలాసార్లు తేలకుండా అడుక్కి పోతుంది, మీ బొచ్చెలూ రోహులూ అలా అడుగున కుళ్లిపోతుంటాయి, మీరు వేసిన పిల్లలైతే లెక్కకి కూడా రావు. వాడు ఒక బుట్ట తీసుకెళితే మీకు పోయేది అంతకంటే చాలా ఎక్కువ. మత్స్య శాఖ వాళ్ల ముందు ఈ నష్టం చూపించాలంటే ఆ పొద్దున్నే చచ్చిన చేపల్ని గట్టు మీద పోసి ఫొటోలు తీయండి, కొన్నింటిని ఐస్‌లో పెట్టండి. విషం అనుమానం ఉంటే శుభ్రమైన సీసాలో నీళ్లు పట్టి మూత బిగించి తేదీ, టైమ్, చెరువులో ఎక్కడ పట్టారో రాసి ఉంచండి. మధ్యాహ్నం దాకా ఆగితే నీళ్లు కలిసిపోతాయి, చేప పాడైపోతుంది, తర్వాత ల్యాబ్‌కి పంపినా ఏం తేలదు. ఆ చేపల్ని మాత్రం అమ్మకండి, పెట్టుబడి పోయిందన్న బాధలో కొందరు అమ్మేస్తున్నారు, అది ఇంకో ప్రమాదం.

శ్రీశైలం బ్యాక్‌వాటర్ లాంటి చోట టైగర్ రిజర్వ్ హద్దులోకి వస్తే అప్పుడు ఫారెస్ట్ వాళ్లదే పని. ఆ నీళ్లలో మొసళ్లూ నీటికుక్కలూ ఉంటాయి, వాటికి ఏమైనా అయితే వన్యప్రాణి కేసు అవుతుంది.

ప్రశ్న: వేట నిషేధం టైమ్‌లో కొన్ని బోట్లు రాత్రిళ్లు సముద్రంలోకి వెళుతున్నాయి. మేం మాత్రం ఒడ్డున కూర్చోవాలా?

జవాబు: మీ కోపం న్యాయమే. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ 61 రోజులు మెకనైజ్డ్, మోటారు బోట్లు వెళ్లకూడదు, చేప గుడ్లు పెట్టే కాలం కాబట్టి. మోటారు లేని తెప్పలకి అది వర్తించదు, ఆ తేడా తెలుసుకుని ఫిర్యాదు చేయండి, లేకపోతే పాపం తెప్ప మీద వెళ్లే ముసలాయన మీద పడుతుంది. బోటు రిజిస్ట్రేషన్ నంబర్, ఏ రేవు నుంచి ఎన్ని గంటలకి కదిలింది, తిరిగి ఎక్కడ దించుతోంది, ఇవి మత్స్య శాఖ ఆఫీసులో రాసి ఇచ్చి రసీదు తీసుకోండి, మెరైన్ పోలీసులకి ఒక కాపీ. సంఘం తరఫున పదిమంది సంతకాలతో ఇస్తే ఒక్కడి మీద కక్ష ఉండదు. నిషేధం లేని రోజుల్లో కూడా ఆంధ్రా తీరంలో 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేట చేయకూడదు, దాని మీద కూడా ఇలాగే రాసివ్వొచ్చు.

ప్రశ్న: ఒకడు ఉడుము కూర వండుతూ రీల్ పెట్టాడు. నేను నాలుగు గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసి తిట్టాను. మంచి పనేనా?

జవాబు: కాదు బాబూ. రేపు పొద్దునకి వాడు డిలీట్ చేసేస్తాడు, మీ తిట్లు మిగులుతాయి. స్క్రీన్ రికార్డ్ చేసి, లింక్, అకౌంట్ పేరు, పెట్టిన తేదీతో ఫారెస్ట్ వాళ్లకి పంపి ఊరుకోండి. ఉడుము షెడ్యూల్ 1 జంతువు, పులితో సమానం చట్టం దృష్టిలో. చంపలేదు, కొన్నాను అన్నా తప్పించుకోలేడు, మాంసం దగ్గర ఉండటం కూడా నేరమే. ఒక ఊరి సంగతి కాకుండా పెద్ద అమ్మకం, రాష్ట్రాలు దాటే వ్యాపారం అనిపిస్తే కేంద్రంలో వైల్డ్‌లైఫ్ క్రైమ్ కంట్రోల్ బ్యూరో ఉంది, మన వైపు చెన్నైలో వాళ్ల ప్రాంతీయ ఆఫీసు.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను, లైసెన్స్ తీసుకుని వీకెండ్ ఫిషింగ్‌కి వెళతాను. మనవాళ్లే కొందరు విసురు వలతో చిన్న చిన్న బాస్ చేపలు కూడా పట్టి కూలర్ నింపుకుంటున్నారు. మనవాళ్ల మీద కంప్లైంట్ ఏంటని మా ఆవిడ అంటోంది.

జవాబు: తెలియక చేస్తున్నారేమో, మొదటిసారైతే మెల్లగా చెప్పి చూడండి. టెక్సస్‌లో విసురు వల ఎర చేపలకి పనికొస్తుంది గానీ బాస్ లాంటి గేమ్ ఫిష్ వల్లో పడితే వదిలేయాల్సిందే, గాలంతో పట్టినా మామూలుగా లార్జ్‌మౌత్ బాస్ 14 అంగుళాలు ఉండాలి, రోజుకి 5 మించకూడదు, కొన్ని సరస్సుల్లో రూల్స్ వేరుగా ఉంటాయి. చెప్పినా నవ్వి మళ్లీ వల విసిరితే గేమ్ వార్డెన్‌కి (వేట, చేపల రూల్స్ చూసే ఆఫీసర్) ఫోన్ చేయడమే. అక్కడ 1981 నుంచి ఆపరేషన్ గేమ్ థీఫ్ అని ఒక ఏర్పాటు ఉంది, న్యూ మెక్సికోలో 1977లో మొదలైన పద్ధతి చూసి పెట్టుకున్నది, పేరు చెప్పక్కర్లేదు, నేరం రుజువైతే 1,000 డాలర్ల వరకూ బహుమతి కూడా. మీ ఆవిడకి ఒకటి చెప్పండి, ఆ దేశంలో వార్డెన్‌లకి వేటాడేవాళ్లూ చేపలు పట్టేవాళ్లూ కూడా ఫోన్లు చేస్తారు, ఎందుకంటే చేపల పెంపకానికీ జింకల లెక్కలకీ డబ్బు వాళ్ల లైసెన్స్ ఫీజుల నుంచీ, 1937 నుంచి ఇందుకే కేటాయిస్తున్న తుపాకుల పన్ను, 1950 నుంచి కేటాయిస్తున్న గాలం సామాను పన్ను నుంచీ వస్తుంది. అంటే ఆ కూలర్‌లో చేపలకి మీరూ డబ్బు కట్టారు.

ప్రశ్న: రెండుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ రాలేదు. ఇంక వదిలేయాలా?

జవాబు: ఫోన్ వదిలేసి కాగితం పట్టుకోండి. డీఎఫ్ఓ పేరుతో స్పీడ్ పోస్ట్‌లో తేదీలతో సహా రాసి పంపండి, పోస్టాఫీసు రసీదు దాచుకోండి. అప్పటికీ కదలిక లేకపోతే వన్యప్రాణి సంరక్షణ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, ఫలానా నేరం మీద నేనే కోర్టులో ఫిర్యాదు చేయబోతున్నాను అని 60 రోజుల ముందు నోటీసు ఇచ్చి మామూలు మనిషి కూడా మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. చాలాసార్లు అక్కడిదాకా వెళ్లే పని ఉండదు, ఆ నోటీసు టేబుల్ మీద పడిన వారంలోనే జీపు మీ ఊరొస్తుంది. నోటీసు రాయడానికి లాయర్ కావాలనుకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగి చూడండి.