కాలమ్‌ల నడుమ గీత

గుంటూరు

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన వ్యాసాన్ని కంప్యూటరులోనూ ఫోనులోనూ చదివాను. వ్యాసం సంగతి మరో ఉత్తరంలో రాస్తాను. ముందుగా మూడు కాలమ్‌ల మధ్య నీవు నిలబెట్టిన ముదురు ఎర్ర గీతల గురించి చెప్పాలి. చదువుతున్నంతసేపూ నా చూపు అక్షరాలను విడిచి వాటి మీదికే పోయింది.

కాలమ్‌లను నిజంగా విడదీసేది ఖాళీయే. అది చాలనిచోట ఎంత ముచ్చటైన గీత గీసినా ఇరుకుగానే ఉంటుంది. సీసపు అక్షరాలు పేర్చిన రోజుల్లో విజయవాడ ప్రెస్సుల్లో గీత కూడా ఒక లోహపు పట్టీయే కనుక, దాని మందానికి చోటు ముందే లెక్కలోకి వచ్చేది. వెబ్ పేజీల రూపురేఖలు తీర్చే సీఎస్‌ఎస్‌ భాషలో ఈ గీతను గీసే కాలమ్-రూల్ అలా చోటు అడగదు. కాలమ్-గ్యాప్‌తో ఇచ్చిన ఖాళీకి సరిగ్గా నడుమ నిలుస్తుంది, ఖాళీని మించి లావు చేస్తే అక్షరాల వెనక్కి చొరబడుతుందే తప్ప కాలమ్‌లను పక్కకు జరపదు. నీవేమీ చెప్పకపోతే బ్రౌజరు 1 ఎమ్ ఖాళీ, అంటే అక్షరాల సైజు మేరకే, ఉంచుతుంది. వత్తులతో గుణింతాలతో నిండిన మన పాఠానికి 2 ఎమ్‌లైనా ఇవ్వు.

గీతకు మందం, తీరు, రంగు మూడింటినీ ఒకే వాక్యంలో చెప్పవచ్చు. తీరు చెప్పడం మరిస్తే గీత అసలు కనిపించదు. రంగు మరిస్తే అక్షరాల రంగే దానికీ వస్తుంది. ఈ రెండోదే మనకు ఎక్కువ ఇబ్బంది. ఇంగ్లీషు అక్షరాల్లో నిలువు గీతలు బోలెడు ఉంటాయి కాబట్టి నల్లని గీత వాటి మధ్య కలిసిపోతుంది. గుండ్రని తెలుగు అక్షరాల పక్కన అదే గీత కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందుకని 1 పిక్సెల్ మందం ఉన్న సాలిడ్, అంటే తెగని, గీతకు లేత బూడిద రంగు వేస్తే చాలు. డబుల్ కావాలంటే కనీసం 3 పిక్సెళ్లు ఇవ్వాలి, లేకపోతే రెండు గీతలు విడిగా తెలియవు. గాడిలా కనిపించే గ్రూవ్, గట్టులా కనిపించే రిడ్జ్ వంటివి శుభలేఖలకు వదిలేయడం మంచిదని నా అభిప్రాయం.

ఇక ఫోను. కాలమ్‌ల సంఖ్యను చెప్పే కాలమ్-కౌంట్‌ను 3 అని బిగించినందువల్ల అక్కడా మూడు కాలమ్‌లే వచ్చి, ‘రాయవలసివచ్చినప్పటికీ’ వంటి మాట ఒక్కటే వరుసను మించిపోయింది. దాని బదులు కాలమ్ వెడల్పును చెప్పే కాలమ్-విడ్త్ 18 ఎమ్‌లని ఇస్తే ఎన్ని కాలమ్‌లు పడతాయో బ్రౌజరే తేల్చుకుంటుంది. ఒక్కటే పట్టినచోట గీత దానంతటదే పోతుంది, ఎందుకంటే ఇరువైపులా పాఠం ఉన్న కాలమ్‌ల మధ్యనే దాన్ని గీస్తారు. ఉపశీర్షికలను పేజీ అడ్డంగా పరచదలిస్తే కాలమ్-స్పాన్‌కు ఆల్ అని ఇవ్వు. గీత శీర్షికకు పైన ఆగి, కింద మళ్లీ మొదలవుతుంది.

వ్యాసం తెర ఎత్తును మించితే మాత్రం కాలమ్‌లే వద్దు. మొదటి కాలమ్ అడుగు దాకా దిగిన పాఠకుడు రెండోదాని కోసం మళ్లీ పైకి ఎక్కవలసి వస్తుంది, ఆ శ్రమను ఏ గీతా తగ్గించలేదు. నీ పుస్తక పరిచయాలు చిన్నవి, వాటికి రెండు కాలమ్‌లు నప్పుతాయి. ఈ పెద్ద వ్యాసాన్ని ఒకే కాలమ్‌లోకి మార్చి పంపు.