పాఠకుల ప్రశ్నలు: పై గీత ఎండది, కింది గీత పొరుగువాడిది

ప్రశ్న: ఏ జీవి ఎక్కడ బతకాలో తేల్చేది వేడి, నీరు, ఉప్పు లాంటి పరిస్థితులా, పక్కనున్న జీవులా? చదువుకునే రోజుల్లో ‘రెండూ’ అని రాసి మార్కులు తెచ్చుకున్నాను గానీ ఎక్కడ ఏది పనిచేస్తుందో ఇప్పటికీ అర్థం కాలేదు.

జవాబు: ‘రెండూ’ అన్నది తప్పు జవాబేం కాదు, కాకపోతే దానితో ఏమీ తెలియదు. సముద్రపు ఒడ్డున రాళ్లకీ, పడవల అడుగునా తెల్లగా గరుకుగా అంటుకుపోయి ఉండే బార్నకిల్స్ సంగతి చూద్దాం. ఇవి పీతలకీ రొయ్యలకీ చుట్టాలే. పిల్లదశలో నీళ్లలో తిరుగుతాయి, ఒకసారి రాయికి అతుక్కున్నాయంటే చచ్చేదాకా అక్కడే. స్కాట్లండ్ తీరంలో ఒకే రాతి మీద రెండు రకాలుంటాయి. చిన్నదైన థమలస్ పైన, పెద్దగా వేగంగా పెరిగే బలానస్ కింద, మధ్యలో గీత గీసినట్టు. విచిత్రమేమిటంటే థమలస్ పిల్లలు కిందిభాగంలో కూడా వచ్చి అతుక్కుంటాయి, పెద్దవి మాత్రం అక్కడ దాదాపు కనిపించవు.

ఎక్కువసేపు నీళ్లలో ఉండటం దానికి పడదేమో అని ఎవరికైనా అనిపిస్తుంది. జోసెఫ్ కొనెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1950లలో ఆ అనుమానాన్ని పరీక్షకు పెట్టాడు. థమలస్‌లున్న రాళ్లను కిందికి దించి, ఒక్కో బార్నకిల్ ఎక్కడుందో మ్యాప్ గీసుకుని, రాతిలో ఒక భాగంలో చుట్టుపక్కల బలానస్‌లను తీసేశాడు, రెండో భాగాన్ని ముట్టుకోలేదు. తీసేసిన చోట థమలస్‌లు కిందిభాగంలోనూ హాయిగా బతికాయి. ముట్టుకోని చోట ఏం జరిగిందో చూడండి: బలానస్ పెరుగుతూ పెరుగుతూ పక్కనున్న థమలస్ పెంకు కిందికి దూరి దాన్ని రాతి నుంచి పైకి లేపేసింది, లేదా దాని మీదికెక్కి కప్పేసింది, అదీ కాకపోతే రెండు పక్కల నుంచీ నొక్కి నలిపేసింది. అంటే థమలస్‌కి కింది గీత గీసింది పొరుగువాడు. మరి అంత దౌర్జన్యం చేసే బలానస్ పైభాగాన్ని కూడా ఎందుకు ఆక్రమించలేదంటే, పోటు సమయంలో తప్ప నీరందని ఆ ఎత్తులో ఎండకి ఎండిపోతుంది, థమలస్ తట్టుకున్నంతగా తట్టుకోలేదు. ఇదంతా 1961లో అచ్చయింది.

కాబట్టి కొండగుర్తు ఒకటి పెట్టుకోవచ్చు: బతుకు కష్టమైన అంచున సాధారణంగా ఎండో చలో ఉప్పో హద్దు గీస్తుంది, సుఖంగా ఉన్న అంచున పోటీదారులూ వేటాడేవాళ్లూ గీస్తారు. ప్రతిచోటా ఇలాగే ఉంటుందని మాత్రం నేననను.

ప్రశ్న: ఒక్క జీవిని తీసేస్తే మొత్తం ఆవరణ వ్యవస్థ తలకిందులవుతుందని ఎక్కడ చూసినా రాస్తున్నారు. నిజమేనా, భయపెట్టడానికా?

జవాబు: కొన్నింటి విషయంలో నిజం, అన్నింటికీ వర్తించదు. ఈ మాటని ఎడాపెడా వాడేస్తున్నారన్న మీ చిరాకు నాకూ ఉంది.

దీనికి మూలమైన ప్రయోగం అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్ర తీరంలో జరిగింది. రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త 1963లో మొదలుపెట్టి, ఒక రాతి భాగం మీద నుంచి పిసాస్టర్ అనే నక్షత్ర చేపలను పట్టుకుని తీసేస్తూ వచ్చాడు, పక్క భాగాన్ని అలాగే వదిలేశాడు. అక్కడ అన్నిటికంటే కరువైనది తిండి కాదు, కాళ్లు మోపడానికి రాతి మీద చోటు. నక్షత్ర చేప ఎక్కువగా తినేది మస్సెల్స్ అనే ఆల్చిప్పలను. తినేవాడు పోయేసరికి అవి బార్నకిల్స్‌నీ నాచునీ నెట్టేసి రాయంతా ఆక్రమించుకుంటూ వచ్చాయి. 15 జాతులున్న చోట 8 మిగిలాయి. తీసేస్తే అంతా మారిపోయే ఇలాంటి జీవులకి 1969లో ఆయనే ‘కీస్టోన్ స్పీషీస్’ (కీలక జాతి) అని పేరు పెట్టాడు. అన్నీ ఇలాంటివే అయితే ప్రత్యేకంగా పేరు పెట్టే అవసరమే ఉండేది కాదు కదా.

పైగా ఆ కీలక జీవి పెత్తనం కూడా నీటి చల్లదనం మీద ఆధారపడి ఉంటుంది. అమెరికాలోనే ఆరెగన్ రాష్ట్ర తీరంలో లోతు నుంచి చల్లనీరు పైకి ఉబికివచ్చి 3 నుంచి 5 డిగ్రీలు చల్లబడినప్పుడు ఇవే నక్షత్ర చేపలు మస్సెల్స్‌ని తినడం బాగా తగ్గించేశాయని ఎరిక్ శాన్‌ఫోర్డ్ అనే శాస్త్రవేత్త 1999లో చూపించాడు. ఆ చలి ఎవరినీ చంపలేదు, తినేవాడి ఆకలి తగ్గించిందంతే, మస్సెల్స్‌కి అదే చాలు. అందుకే వాతావరణం ఒక లెక్క, జీవుల మధ్య గొడవలు ఇంకో లెక్క అని విడదీస్తే రెండూ తప్పుతాయి. 2013 నుంచి ఆ తీరం పొడవునా నక్షత్ర చేపలు ఒళ్లు కరిగిపోయే జబ్బుతో లెక్కలేనన్ని చచ్చిపోయాయి, కాబట్టి పెయిన్ చేత్తో చేసిన పని జబ్బు చాలా పెద్ద ఎత్తున చేసింది.

ప్రశ్న: అంతా కొట్లాటేనా, జీవులు ఒకదానికొకటి సాయపడవా?

జవాబు: పడతాయి, ముఖ్యంగా బతకడం కష్టమైన చోట. అమెరికా, మెక్సికోల్లో విస్తరించిన సొనోరన్ ఎడారిలో సగువారో అనే పెద్ద కాక్టస్ ఉంది. దాని మొలక ఎంత మెల్లగా పెరుగుతుందంటే మొదటి ఎనిమిదేళ్లకి అంగుళం, అంగుళంన్నర. ఆ సైజులో ఎండకి మాడిపోకుండా, రాత్రి చలికి గడ్డకట్టకుండా బతికేది ఎక్కువగా ఏదో ఒక చెట్టు నీడలోనే, పాలోవెర్డే లాంటి చెట్ల కింద. ఆ తర్వాత కథ అంత బాగుండదు. కాక్టస్ ఎదిగాక దాని వేళ్లు వాననీటిని ముందే లాగేసుకుంటాయి, నీడనిచ్చి పెంచిన చెట్టు దాహంతో ఎండుతుంది. సాయమా పోటీయా అంటే, ఏ వయసులో అని నేను తిరిగి అడగాల్సి వస్తుంది.