ఆ 40 నాణేల సంగతి ముందు చెప్పండి

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటాం. పెళ్లయి పదమూడేళ్లయింది, తొమ్మిదేళ్ల బాబు ఉన్నాడు. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ల క్రితం వాళ్ల కంపెనీలో చాలామందిని తీసేశారు. ఆయన ఉద్యోగం నిలిచింది గానీ అప్పటినుంచి ఒక పిచ్చి పట్టుకుంది. శుక్రవారం బ్యాంకు నుంచి 500 డాలర్ల అర డాలరు నాణేల పెట్టె తెస్తారు. శని, ఆదివారాలు డైనింగ్ టేబుల్ మీద కాగితం చుట్టలు విప్పి, వాటిలో పాత వెండి నాణేలు ఏరుతూ కూర్చుంటారు. మిగతావి సోమవారం ఇంకో బ్యాంకులో కట్టేస్తారు. అడిగితే ‘పైసా నష్టం లేదు కదా’ అంటారు. స్నేహితులు ‘చిల్లర దొర’ అని పేరు పెట్టారు. ‘వాణ్ణి అంత చదివించింది చిల్లర ఏరుకోవడానికా’ అని మా అత్తగారు నన్ను నిలదీస్తారు. పోయిన వారం కోపం పట్టలేక, ఆయన ‘1965-69’ అని రాసి విడిగా పెట్టుకున్న చిన్న సంచి తీసుకెళ్లి బ్యాంకులో ఇచ్చేశాను. 40 నాణేలకు 20 డాలర్లు వచ్చాయి. ఆయన ఇంకా చూసుకోలేదు. ఈ పిచ్చి మాన్పించే దారి చెప్పండి. – ఒక సోదరి

సలహా: అమ్మా, మీరు చివర్లో రాసిన విషయంతోనే మొదలుపెడతాను. మిగతావి నాలుగు రోజులు ఆగినా ఫరవాలేదు, ఇది ఆగదు.

అమెరికాలో 1964 వరకు డైమ్ (పది సెంట్లు), క్వార్టర్ (పాతిక సెంట్లు), అర డాలరు మూడింటిలోనూ 90 శాతం వెండి ఉండేది. 1965లో వచ్చిన చట్టంతో డైమ్, క్వార్టర్లలో వెండి పూర్తిగా పోయింది. అర డాలరులో మాత్రం 40 శాతం ఉంచారు, అది 1970 వరకు నడిచింది. మీరు బ్యాంకులో ఇచ్చి వచ్చింది సరిగ్గా ఆ రకమే. ఒక్కో నాణెం బరువు 11.5 గ్రాములు, అందులో అసలు వెండి 4.6 గ్రాములు. నలభై నాణేలకు 184 గ్రాములవుతుంది. వెండి ధర రోజూ మారేదే గానీ, పండక్కి కొనే బరువైన వెండి గిన్నె ఒకటి 20 డాలర్లకు వదిలేసి వచ్చారని మీరే లెక్క వేసుకోవచ్చు. మీవారికి ఇలాంటి నాణేలు ఎక్కడినుంచి దొరుకుతాయా అని మీకు ఎప్పుడైనా అనిపించిందో లేదో! ఎవరి తాతగారో దాచుకున్న డబ్బాను, ఆయన పోయాక ఇంట్లోవాళ్లు సంగతి తెలియక తీసుకెళ్లి బ్యాంకులో కుమ్మరించినప్పుడే అవి ఎక్కువగా బయటికొస్తాయి. ఈసారి ఆ పని మీ ఇంట్లోనే జరిగింది.

అందుకని ఈ రోజే ఆయనకు చెప్పండి. ‘పొరపాటున వెళ్లిపోయాయి’ అని కాదు, ‘కోపంతో నేనే ఇచ్చేశాను’ అని. ఆయన సంచి వెతుక్కుని, బాబును అడిగి, ఆ తర్వాత మీ దగ్గరికి వస్తే అప్పటి గొడవ నాణేల గురించి ఉండదు. చెప్పాక ఇద్దరూ కలిసి ఆ బ్యాంకుకు వెళ్లండి. అర డాలర్లను అడిగేవాళ్లు తక్కువ కాబట్టి, విడిగా వచ్చినవి కొన్నాళ్లు కౌంటరు సొరుగులోనే పడి ఉండే అవకాశం ఉంటుంది. 20 డాలర్లిచ్చి వెనక్కి తీసుకోవచ్చు. అవి అప్పటికే ఆ బ్యాంకు నుంచి వెళ్లిపోయి ఉంటే, ఆ నష్టం మీ సొంత ఖర్చుల లెక్కలో రాసుకోవడం న్యాయం. తప్పు చేశానా అని మీరు అడగలేదు. అడిగి ఉంటే అవుననే అనేదాన్ని.

ఇక మాన్పించడం సంగతి. అందుకు నేను సాయం చేయను. ఈ అలవాటుకు హద్దులు గీయడానికైతే చేస్తాను.

‘పైసా నష్టం లేదు’ అని ఆయన అన్నది నిజమే. 500 డాలర్లు ఇచ్చి తెచ్చిన పెట్టెలో వెయ్యి నాణేలుంటాయి, ఏమీ దొరక్కపోయినా ఆ 500 డాలర్లూ వెనక్కి వస్తాయి. పేకాటలోనూ లాటరీలోనూ ఈ సౌకర్యం లేదు. కాకపోతే ఆ మాట సగమే నిజం. పెట్రోలు ఉంది, రెండు బ్యాంకుల చుట్టూ తిరగడం ఉంది, అన్నిటికంటే ఆ రెండు రోజులున్నాయి. చిల్లరలోంచి వెండి నాణేలు ఏరుకోవడం మొదలై అరవై ఏళ్లయింది. 1964 తర్వాత జనం పాత నాణేలను దాచేసి కొత్తవాటిని ఖర్చు పెట్టారు. ఇన్నేళ్లూ ఏరినవాళ్లు ఏరగా మిగిలినవే ఆ చుట్టల్లోకి వస్తున్నాయి. వరసగా కొన్ని పెట్టెలు ఉత్తవే కావడం ఆయనకూ తెలిసే ఉంటుంది. దొరికిన వెండి విలువను గడిపిన గంటలతో భాగిస్తే వచ్చే అంకె ఆయన జీతం పక్కన పెట్టడానికి సరిపోదు. ఆయన ఇది ఆదాయం కోసం చేయడం లేదు, మీరిద్దరూ దాన్ని డబ్బు లెక్కలోకి లాగి వాదించుకుంటున్నారు. ఆ వాదన ఎన్నాళ్లు సాగినా తేలదు.

మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించింది రెండేళ్ల కిందటి ఆ ఉద్యోగాల కోత. దాన్ని మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. పక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్లు ఒక్క రోజులో వెళ్లిపోవడం చూసిన మనిషి, మర్నాడు మామూలుగా ఆఫీసుకు వెళ్లి వస్తాడు, ఇంట్లో ఏమీ చెప్పడు. వీసా మీద బతికే కుటుంబమైతే ఆ భయం ఉద్యోగంతో ఆగదు. ఇల్లు, బాబు బడి, అన్నీ అందులోకి వచ్చేస్తాయి. అలాంటి మనిషికి చుట్ట విప్పి ఇరవై నాణేలను వరసగా నిలబెట్టి అంచులు చూడడం ఎంత హాయిగా ఉంటుందో ఊహించండి. అంచులో ఎర్రటి రాగి గీత ఉంటే మామూలుది. గీత లేకుండా తెల్లగా కనిపిస్తే తిప్పి సంవత్సరం చూడాలి. అవునో కాదో అక్కడికక్కడే తేలిపోతుంది, ఏ మేనేజరూ మధ్యలో రాడు. నేను ఊహిస్తున్నాను, తప్పు కావచ్చు. ఆ రోజుల్లో ఆయనకు ఏమనిపించిందో మీరెప్పుడైనా అడిగారా? అడగకపోతే ఇప్పుడు అడగండి. నాణేల ప్రస్తావన తేకుండా అడగండి.

దానికి ముందు మీవైపు ఒక పని ఉంది. మీ ఉత్తరంలో బాధ కొంత, నామోషీ కొంత కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసుకోండి. శని, ఆదివారాల్లో ఆయన మీతో మాట్లాడకపోవడం, బాబుతో గడపకపోవడం, టేబుల్ మీద అన్నం తినే చోటు లేకపోవడం మీకు న్యాయంగా ఉన్న ఫిర్యాదులు. స్నేహితులు పెట్టిన పేరు ఆయన మీద మోపదగ్గ నేరం కాదు. గోల్ఫ్ ఆడడానికి ప్రతి వారం వంద డాలర్లు తగలేసే భర్తకు ఎవరూ పేరు పెట్టరు, గమనించారో లేదో. అత్తగారి మాటకైతే జవాబు ఆవిడ పూజగదిలోనే ఉండవచ్చు. విక్టోరియా రాణి బొమ్మ రూపాయో, జార్జి రూపాయో ఉందేమో అడిగి చూడండి. బ్రిటిష్ రూపాయిలో దాదాపు 92 శాతం వెండి ఉండేది. 1940లో దాన్ని 50 శాతానికి దించారు, 1947లో నికెల్ రూపాయి తెచ్చారు. పాతవి ఖర్చు పెట్టకుండా మూట కట్టినవాళ్లంతా మన అమ్మమ్మలూ నాయనమ్మలే. కొడుకు గురించి ఆవిడ మిమ్మల్ని నిలదీస్తే, ‘ఆయన్నే అడగండి అత్తయ్యా’ అని ఫోను ఆయన చేతికిచ్చేయండి. ఆయన అలవాటుకు సంజాయిషీ మీరు చెప్పనక్కర్లేదు.

హద్దుల విషయంలో నా మాట ఇది. పెట్టె రెండు వారాలకు ఒకటి చాలు. డైనింగ్ టేబుల్ మీద వద్దు. గరాజులో ఒక బల్ల, మంచి దీపం పెట్టుకోమనండి. వేలాది చేతులు మారిన నాణేలవి, పని అయ్యాక చేతులు కడుక్కుని లోపలికి రమ్మనండి. శనివారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి వరకు ఆ బల్ల జోలికి వెళ్లకూడదు. బ్యాంకులో నాణేలు కట్టేటప్పుడు లెక్కపెట్టే యంత్రం ఉన్న శాఖకే వెళ్లాలి, కౌంటరులో పనిచేసేవాళ్ల సహనాన్ని పరీక్షించకూడదు. ఇవన్నీ మీరు ఆజ్ఞల్లా చదివితే పనికిరావు. మీ 40 నాణేల సంగతి ఒప్పుకున్న రోజున కాకుండా, రెండు రోజులాగి అడగండి. ఒప్పుకున్న రోజే అడిగితే బేరానికి దిగినట్టుంటుంది.

బాబును ఈ ఆటలోకి తేవాలనిపిస్తే అర డాలర్లు వద్దు. పెన్నీల (ఒక సెంటు నాణేల) చుట్ట ఒకటి 50 సెంట్లే, అందులో 50 నాణేలుంటాయి. 1909 నుంచి 1958 వరకు వచ్చిన పెన్నీల వెనక రెండు గోధుమ కంకులుంటాయి. అవి వెతకడం తొమ్మిదేళ్లవాడికి సరిపోయే పని. అరగంటలో అయిపోతుంది, తండ్రి పక్కన కూర్చున్నట్టూ ఉంటుంది. అయితే వాడు లేచి వెళ్లిపోతే తండ్రి కూడా లేవాలి.

నేను భయపడే చోటు ఒకటుంది, అది మీ ఉత్తరంలో లేదు గనుక ఊపిరి పీల్చుకున్నాను. ఆన్‌లైన్‌లో ‘ఎవరూ విప్పని పాత చుట్టలు’ అని అసలు విలువ కంటే ఎన్నో రెట్లకు అమ్ముతుంటారు. చివర్లో ఒక వెండి నాణెం కనిపించేలా పెట్టి, లోపల మామూలువి చుడతారు. బ్యాంకు పెట్టెతో పైసా పోదు గానీ వీటితో పోతుంది. ఆయన వీటిని కొంటున్నా, క్రెడిట్ కార్డు మీద నగదు తీసి పెట్టెలు తెస్తున్నా, ఎంత తెచ్చారో మీకు దాస్తున్నా, రాత్రి నిద్ర మానుకుని గరాజులో కూర్చుంటున్నా అది సరదా దాటిపోయినట్టే. అప్పుడు నాకు ఉత్తరం రాసి ఊరుకోకండి. ఆయన కంపెనీ ఆరోగ్య బీమాలో కౌన్సెలర్ సౌకర్యం ఉందేమో చూసి, ఇద్దరికీ కలిపి సమయం అడగండి. ఆయన రానంటే మొదటిసారి మీరొక్కరే వెళ్లండి.